పన్ను పీకించుకుంటున్నారా? ఆ రక్తపు గడ్డను కాపాడుకోండి

రాత్రి పదకొండింటికి నా ఫోన్ మోగిందంటే సగం విషయం ఎత్తకముందే తెలిసిపోతుంది. "డాక్టర్ గారూ, పొద్దున పన్ను తీశారు కదండీ, రక్తం ఆగట్లేదు. వాష్ బేసిన్ అంతా ఎర్రగా అయిపోయింది." నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఉమ్ముతున్నారా?" అవతలి నుంచి కాస్త విసుగ్గా జవాబు వస్తుంది. "నోట్లోకి వస్తుంటే ఉమ్మేయక ఏం చేయమంటారండీ?"

చిక్కంతా అక్కడే ఉంది. పన్ను ఊడివచ్చిన గుంతలో రక్తం నిండి, కాసేపటికి ముదురు ఎరుపు జెల్లీలా గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకకు అదే కప్పు, కొత్త చిగురు అల్లుకోవడానికి అదే పందిరి. ఉమ్మడానికి బుగ్గలు లోపలికి లాగిన ప్రతిసారీ నోట్లో పీల్పు పుట్టి ఆ గడ్డను కదిలిస్తుంది. రక్తం వస్తోందని ఉమ్ముతారు, ఉమ్ముతున్నారు కాబట్టి రక్తం వస్తుంది.

పన్ను తీయించుకున్నాక వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ గడ్డ చుట్టూ తిరిగేవే. వాటిని ఏ రోజుకా రోజుగా చెబుతాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నొప్పి ఎంతుందన్న దానికంటే, అది తగ్గుతూ పోతోందా పెరుగుతూ పోతోందా అన్నది ముఖ్యం. తగ్గుతూ వచ్చిన నొప్పి, తగ్గుతూ వచ్చిన వాపు మళ్లీ ఎక్కువైతే ఫోన్ చేయాల్సిన సమయం వచ్చిందన్నమాట.

వెళ్లేముందు: దాచకుండా చెప్పాల్సినవి

వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటితో చెబుతానంటే తప్పకుండా ఏదో ఒకటి మర్చిపోతారు. ఒకసారి ఒక పెద్దావిడను "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే "ఏమీ లేవు బాబూ" అన్నారు. మత్తు ఇంజెక్షన్ సిద్ధం చేసుకుంటుండగా పక్కనున్న కూతురు "ఆరు నెలలకోసారి ఎముకల ఇంజెక్షన్ చేయిస్తాం కదమ్మా" అంది. ఆవిడ దృష్టిలో మందు అంటే రోజూ మింగే బిళ్ల. ఆరు నెలలకో ఏడాదికో పొడిపించుకునేది లెక్కలోకి రాలేదు. అలా అడిగిన నాది కూడా తప్పే. అప్పటి నుంచి "బిళ్లలు, ఇంజెక్షన్లు, ఏడాదికోసారి చేయించుకునేవి సహా" అని అడుగుతున్నాను.

ఆ ఇంజెక్షన్ ఎందుకంత ముఖ్యమంటే, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి మందులు ఎముక తనను తాను బాగుచేసుకునే పనిని నెమ్మదింపజేస్తాయి. అవి వాడేవారిలో కొద్దిమందికి పన్ను తీసిన చోట చిగురు మూసుకోక, దవడ ఎముక బయటపడి వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. క్యాన్సర్ చికిత్సలో ఇవే మందులు పెద్ద మోతాదుల్లో తీసుకునేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారూ ఎన్నేళ్ల కిందటిదైనా సరే చెప్పి తీరాలి.

రక్తం పలచబరిచే మందుల విషయంలో సొంత నిర్ణయం వద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఆపకుండానే మామూలుగా పన్ను తీస్తారు. వార్ఫరిన్ వాడేవారికి ముందు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే) పరీక్ష చేయించి, అది అదుపులో ఉంటే తీస్తారు. పన్ను గుంత నుంచి కారే రక్తాన్ని నొక్కిపట్టో కుట్టు వేసో ఆపవచ్చు. మందు మానేయడం వల్ల గుండెలోనో మెదడులోనో గడ్డ కడితే దాన్ని నొక్కిపట్టి ఆపలేం కదా! ఆపాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరూ, పన్ను తీసే డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి.

షుగరు, కాలేయ జబ్బు, మూర్ఛ, గర్భం, స్టెరాయిడ్లు, ఏ మందైనా పడకపోవడం, ఇవన్నీ చెప్పండి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నా, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినా తప్పక చెప్పాలి. వాళ్లకు పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు ఇవ్వడం రివాజు. సూది చూస్తే కళ్లు తిరిగే అలవాటుంటే అదీ సిగ్గుపడకుండా చెప్పేయండి. కుర్చీని వెనక్కి వాల్చి పడుకోబెట్టి పని చేస్తే ఆ గొడవే ఉండదు.

పూర్తి మత్తు ఇస్తామని చెబితే తప్ప ఖాళీ కడుపుతో వెళ్లకండి. తిని వెళ్లండి, మామూలు మందులు వేసుకుని వెళ్లండి. కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో టెన్షన్‌తో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఎక్స్‌రే తీశాక రెండు ప్రశ్నలు అడగండి. కింది జ్ఞానదంతమైతే "వేరు నరానికి ఎంత దగ్గరగా ఉంది?" పై దవడ పన్నైతే "వేరు సైనస్‌లోకి (ముక్కు పక్కన బుగ్గ ఎముక లోపలుండే గాలి గదిలోకి) వెళ్లిందా?" ఈ రెండింటి జవాబును బట్టే ముందు ముందు రాగల పెద్ద ఇబ్బందులు చాలావరకు తెలిసిపోతాయి. వేరు నరాన్ని అంటుకుని ఉందనిపిస్తే దవడను 3డీలో చూపించే సీబీసీటీ స్కాన్ అడగొచ్చు. కొన్నిసార్లు వేళ్లను అలాగే వదిలేసి పంటి పైభాగం మాత్రం కోసి తీసే పద్ధతి కూడా ఉంది.

కుర్చీలో కూర్చున్నాక

మత్తు ఇవ్వకముందే తీయాల్సిన పన్నును మీరే వేలితో తాకి చూపించండి. ఇది చాదస్తం కాదు. ఒక పన్ను బదులు ఇంకో పన్ను తీసేయడం ప్రపంచంలో ఎక్కడైనా జరిగే పొరపాటే. ముఖ్యంగా క్లిప్పులు వేయడం కోసం పుచ్చని, నొప్పి లేని పన్ను తీసేటప్పుడు పక్కపక్కనున్న రెండు పళ్లూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంజెక్షన్ పడగానే కాసేపు గుండె దడదడలాడవచ్చు. మత్తుమందులో రక్తం ఎక్కువ కారకుండా కలిపే అడ్రినలిన్ పని అది. నిమిషాల్లో సర్దుకుంటుంది. కింది దవడకు మత్తు ఇచ్చినప్పుడు అరుదుగా ఒకవైపు కనురెప్ప మూతపడక, మూతి వంకరపోతుంది. చూసినవాళ్లు పక్షవాతమని హడలిపోతారు. మందు ముఖపు నరం దాకా పాకడం వల్ల అలా అవుతుంది, మత్తు దిగగానే అదీ పోతుంది. అప్పటిదాకా ఆ కంటిని మూసి ఉంచుకోవాలి.

మత్తు బాగా ఎక్కాక నొక్కుడు తెలుస్తుంది, పోటు తెలియకూడదు. పోటు తెలిస్తే చెయ్యెత్తండి, ఇంకొంచెం మత్తు ఇస్తారు. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. చీము పట్టిన చోట మత్తు సరిగా పనిచేయదు కాబట్టి రెండోసారి ఇవ్వాల్సి రావడం మామూలే.

"పటుక్" అని శబ్దం వస్తే దవడ విరిగిందనుకోకండి. ఎక్కువసార్లు అది పన్నే, లేదా వేరు కొస. రూట్ కెనాల్ చేసిన పన్ను, వంకర వేళ్లున్న పన్ను ఇట్టే విరుగుతాయి. విరిగిన ముక్కను చిగురు కాస్త కోసి తీయడం మామూలు పద్ధతి. అయితే ఇన్ఫెక్షన్ లేని చిన్న కొస ముక్క నరానికో సైనస్‌కో ఆనుకుని ఉంటే, దాని కోసం తవ్వడం కంటే వదిలేయడమే మేలు కావచ్చు. వదిలేస్తే ఆ మాట మీకు చెప్పి, రికార్డులో రాయాలి. "ముక్క ఏమైనా మిగిలిందా?" అని లేచేముందు అడిగేయండి. పక్క పంటికున్న పాత ఫిల్లింగ్ ఊడిందేమో కూడా అప్పుడే చూపించుకోండి. దవడ కీలు జారే అలవాటున్నవాళ్లు ముందే చెబితే, పని చేస్తున్నంతసేపూ దవడను చేత్తో పట్టి ఉంచుతారు.

మొదటి గంట, మొదటి రాత్రి

గుంత మీద గాజ్ (పలచటి నూలు గుడ్డ మడత) పెట్టి కొరకమంటారు. 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా, కదపకుండా. అయిదు నిమిషాలకోసారి తీసి "ఆగిందా లేదా" అని చూసుకునేవాళ్లు ఉన్నారు. చూసిన ప్రతిసారీ గడ్డ గాజ్‌తో పాటు లేచివస్తుంది, కథ మళ్లీ మొదటికి. ఉమ్మును మింగేయండి, అందులో కొంచెం రక్తం ఉన్నా ఏమీ కాదు.

లాలాజలం గులాబీ రంగులో రావడం ఒక రోజు దాకా మామూలే. రాత్రి దిండు మీద పాత తువ్వాలు పరుచుకోండి. ఒక చుక్క రక్తం నోటెడు ఉమ్మును ఎర్రగా మార్చేస్తుంది, దానికి కంగారు పడొద్దు. నోరు తెరిచి చూస్తే గుంతలోంచి ముదురు ఎరుపు రక్తం ఊరుతూ నోరు నిండుతుంటే మాత్రం ఇలా చేయండి.

1. నిటారుగా కూర్చోండి. పడుకుంటే తలలోకి రక్తం ఒత్తిడి పెరుగుతుంది.
2. నోట్లో జారుతున్న మెత్తటి గడ్డలుంటే శుభ్రమైన గుడ్డతో మెల్లగా తుడిచేయండి. గుంతలోకి వేలు పెట్టకండి.
3. తడిపి పిండిన గాజ్‌ను మందంగా మడిచి సరిగ్గా గుంత మీద పెట్టండి. పక్క పళ్ల మీద పెడితే పళ్లు దాన్ని కొరుకుతాయే కానీ గుంత మీద ఒత్తిడి పడదు. చాలామంది చేసే తప్పు ఇదే.
4. గడియారం చూసుకుని 30 నిమిషాలు కొరకండి. మాట్లాడకండి. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది ఫోన్‌లో టైపు చేయండి.
5. ఆగకపోతే, చల్లటి నీళ్లలో తడిపి పిండిన టీ బ్యాగును అదే పద్ధతిలో ఇంకో 30 నిమిషాలు పెట్టండి. అందులోని టానిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది.
6. అప్పటికీ ఆగకపోతే, కళ్లు తిరిగినట్టుంటే, రక్తం పలచబరిచే మందు వాడుతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి, లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఒక కుట్టుతో తేలిపోయే పనే చాలాసార్లు.

నాకు రాత్రిపూట వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మూడో మెట్టు దగ్గరే తీరిపోతాయి.

పెదవి మొద్దుబారి ఉన్నంతసేపు, అంటే మామూలుగా 2 నుంచి 4 గంటలు, నమిలే తిండి జోలికి పోకండి. పిల్లలైతే ఆ మొద్దు పెదవిని ఆటగా కొరుక్కుంటారు. సాయంత్రానికి అది వాచి పుండైతే పెద్దవాళ్లు పన్ను తీసినందువల్లే అయిందనుకుంటారు. మత్తు దిగేదాకా వాళ్లను ఒక కంట కనిపెట్టండి.

రాసిచ్చిన నొప్పి బిళ్ల మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకుంటే పట్టుకోవడానికి టైమ్ పడుతుంది. పారాసిటమాల్ పెద్దవాళ్లకైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కడుపులో అల్సరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోవద్దు. నొప్పికని ఆస్పిరిన్ అసలే వద్దు, అది రక్తాన్ని ఇంకా కార్పిస్తుంది. బిళ్లను నూరి చిగురు మీద పెట్టే వైద్యం ఒకటుంది. దాంతో చిగురు తెల్లగా కాలిపోయి వచ్చినవాళ్లను చూశాను.

మొదటి 24 గంటలు పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, వేడివేడిగా తాగడం, బరువులెత్తడం, మద్యం వద్దు. సిగరెట్టు కనీసం మూడు రోజులు, మానగలిగితే వారం. మిగతా పళ్లను ఆ రాత్రే మెల్లగా తోముకోవచ్చు, తోముకోవాలి కూడా. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా దానంతట అదే జారిపోనివ్వండి. రోజుకు నాలుగైదుసార్లు చాలు.

రెండో రోజు, మూడో రోజు: వాపు

జ్ఞానదంతం కోసి తీసినవాళ్లు రెండో రోజు పొద్దున అద్దంలో చూసుకుని బెంబేలెత్తుతారు. నిన్నటికంటే బుగ్గ ఎక్కువ ఉబ్బి ఉంటుంది. 48 నుంచి 72 గంటల దాకా వాపు పెరగడం సహజం. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15, 20 నిమిషాలు బుగ్గ మీద పెట్టి, అంతేసేపు తీసి, మళ్లీ పెట్టండి. తర్వాత గోరువెచ్చటి కాపడం. బుగ్గ మీద నీలంగా కమిలి, అది పసుపుపచ్చగా మారి మెడ మీదికి జారినా భయం లేదు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవచ్చు. ఒకటి రెండు వారాల్లో వదులవుతుంది. మూడు రోజులయ్యాక మెల్లగా తెరవడం, మూయడం అలవాటు చేయండి.

గుంతలో తెల్లగానో లేత పసుపుగానో పొర కనిపిస్తే చీము అనుకుని పుల్లతో గీకేవాళ్లున్నారు. అది మానుతున్న పుండు మీద కట్టే పొర. దయచేసి ముట్టుకోకండి.

మూడో రోజు మొదలయ్యే అసలు నొప్పి: డ్రై సాకెట్

రెండో రోజు బాగానే ఉంటుంది. "ఇంతేనా, అనవసరంగా భయపడ్డాను" అనుకుంటారు. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం సలుపు మొదలవుతుంది. చెవిలోకి, కణతలోకి లాగుతుంది. బిళ్ల వేసుకుంటే గంట కూడా ఆగదు. నోట్లో చెడు రుచి, ఎదుటివాళ్లకు తెలిసేంత వాసన. అద్దంలో చూస్తే గుంతలో జెల్లీ ఉండదు, ఖాళీగా, అడుగున బూడిద తెలుపు ఎముక. గాలి తగిలినా ప్రాణం లేచిపోతుంది. కానీ జ్వరం ఉండదు, పెద్దగా వాపూ ఉండదు.

గడ్డ సరిగా కట్టకపోయినా, కట్టింది కరిగిపోయినా, ఊడిపోయినా ఇలా అవుతుంది. మామూలుగా తీసిన పళ్లలో నూటికి రెండు నుంచి అయిదు కేసుల్లో వస్తుంది. కోసి తీసిన కింది జ్ఞానదంతాల్లో ఇంకా చాలా ఎక్కువ. పొగతాగేవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు, తీయడం కష్టమైన పళ్లకు ముప్పు పెరుగుతుంది. మీరు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా రావచ్చు, డాక్టరు బాగా తీసినా రావచ్చు. తప్పెవరిదని వెతకడం కంటే వెంటనే వెళ్లడం మంచిది.

వెళ్తే ఏం చేస్తారు? గుంతను గోరువెచ్చటి సెలైన్‌తో కడిగి, ఇరుక్కున్న తిండి తీసేసి, లవంగ నూనెలో ఉండే యూజినాల్ కలిసిన మందు పట్టీని పెడతారు. చాలామందికి అరగంటలోపే నొప్పి దిగుతుంది, కుర్చీలోంచి లేవకముందే ముఖం విప్పారడం కనిపిస్తుంది. నొప్పిని బట్టి ఒకటి రెండు రోజులకోసారి పట్టీ మారుస్తారు. వారం, పది రోజుల్లో కింద కొత్త కండ కట్టి ఎముకను కప్పేస్తుంది. ఇది ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్ వేసుకున్నా నొప్పి తగ్గదు. మందుల షాపులో అడిగి మూడు రోజుల కోర్సు మింగి, ఆ మూడు రాత్రులూ నిద్ర లేకుండా గడిపి వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇంట్లో లవంగ నూనె నేరుగా గుంతలో పోసుకోవద్దు, చిగురు కాలుతుంది.

ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సినవి

మూడో రోజు దాటాక వాపు మళ్లీ పెరగడం, జ్వరం, చీము కారడం ఇన్ఫెక్షన్ గుర్తులు. ఆ రోజే డాక్టరును కలవండి. కానీ గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచినా, నాలుక పైకి లేచినట్టున్నా, ఉమ్ము మింగలేకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఆడనట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అది రాత్రి రెండు గంటలైనా పెద్దాసుపత్రికే వెళ్లాలి. ఇన్ఫెక్షన్ నాలుక కిందికి పాకి శ్వాసదారిని మూసేసే స్థితి అది, గంటల్లో ముదురుతుంది. పన్ను తీసేటప్పుడు ముక్క గొంతులోకి జారి, ఆ తర్వాత దగ్గు ఆగకపోయినా అంతే, ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తే

పై దవడ పళ్ల వేళ్లకూ సైనస్‌కూ మధ్య కొందరికి కాగితమంత ఎముకే ఉంటుంది. పన్నుతో పాటు అదీ పోతే నోటికీ సైనస్‌కూ దారి పడుతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, గుంతలోంచి గాలి బుస్సుమనడం దీని గుర్తులు. చిన్న రంధ్రమైతే గడ్డే దాన్ని పూడ్చేస్తుంది. పెద్దదైతే చిగురు జరిపి కుట్లు వేస్తారు. ఎలాగైనా రెండు వారాలు ముక్కు చీదకండి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. స్ట్రా, సిగరెట్టు, బూర ఊదడం వద్దు.

ఈ పై పళ్ల మాటెత్తితే చాలామంది చూపు సంగతి అడుగుతారు. పై పన్ను తీస్తే కళ్లు కనిపించవన్నది భయమే. చూపు నరం దారి వేరు, పంటి నరం దారి వేరు.

పెదవి తిమ్మిరి వదలకపోతే

మర్నాటికీ కింది పెదవి, గడ్డం, లేదా నాలుక ఒక పక్క మొద్దుగా ఉంటే డాక్టరుకు ఆ రోజే చెప్పండి. కింది జ్ఞానదంతం దగ్గర నరం నలిగి ఉండవచ్చు. ఎక్కువమందికి వారాల్లోనో నెలల్లోనో తిరిగి వస్తుంది. నూటికి ఒక్కరికంటే తక్కువ మందిలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఎంత మేర మొద్దుగా ఉందో అద్దం ముందు పెన్నుతో గీత గీసుకుని ఫొటో తీసి పెట్టుకోండి. రెండు వారాలకు మళ్లీ గీస్తే ఆ మేర తగ్గుతోందా లేదా కళ్లారా కనిపిస్తుంది. చీమలు పాకినట్టు ఉంటే సాధారణంగా మంచి గుర్తే, నరం కోలుకుంటోందన్నమాట. అసలు మార్పే లేకపోతే నెలల తరబడి చూస్తూ కూర్చోకుండా నోటి సర్జన్ దగ్గరకు పంపమని అడగండి.

వారాల తర్వాత

చిగురు పైన మూసుకోవడానికి రెండు మూడు వారాలు, లోపల ఎముక నిండడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ మధ్యలో నాలుకకు ముల్లులా ఏదో తగలొచ్చు. ఒకాయన చిన్న కాగితం పొట్లం తెచ్చి నా టేబుల్ మీద విప్పారు. "మీరు పన్ను ముక్క వదిలేశారండీ" అన్నారు. బియ్యపు గింజలో సగం ఉంది, ఒక పక్క పదునుగా, ఇంకో పక్క చిన్న చిన్న రంధ్రాలు. పంటి వేరు నున్నగా ఉంటుంది, ఇది గరుకు. గుంత అంచున ప్రాణం పోయిన ఎముక పలుకును శరీరమే నెమ్మదిగా బయటికి తోసేసింది. ఎక్స్‌రే తీసి చూపించాక ఆయన నమ్మారు. మీకూ అలాంటిది తగిలితే గోళ్లతో లాగకండి. వదులుగా ఉంటే నిమిషంలో తీసేస్తారు, లేదంటే దానంతట అదే రాలిపోయేదాకా ఉప్పునీళ్లు పోసుకుంటూ ఉంటే సరిపోతుంది.